మూడో పేరు దగ్గర చెయ్యి ఆగినప్పుడు

మీ ప్రశ్నలకు జవాబులు

ఈ నెల పిల్లల తెలుగు బడి గురించి, వీసాల గురించి వచ్చిన ఉత్తరాలను పక్కన పెట్టాను. వాటికి వచ్చే సంచికలో జవాబు రాస్తాను. ఐదు ఉత్తరాలు మాత్రం ఒకే విషయం మీద వచ్చాయి. అమెరికా అధ్యక్ష ఎన్నికలో పెద్ద పార్టీల అభ్యర్థులు ఇద్దరూ మనసుకు ఎక్కనప్పుడు మూడో మనిషి వైపు చూడవచ్చా, చూస్తే ఎలా తూచుకోవాలి అని వాటిలో అడిగారు. తర్వాతి ఎన్నిక 2028 నవంబరులో. ఎన్నిక నెత్తిమీదికి వచ్చాక ఎవరి మాటా ఎవరి చెవికీ ఎక్కదు కనుక, ఇప్పుడే మాట్లాడుకోవడం మంచిది. ఎవరికి వేయాలో మాత్రం చెప్పను. అది మీ పని.

ప్రశ్న: నాకు 47 ఏళ్లు. 2023లో పౌరసత్వం వచ్చింది. 2024లో ఈ దేశంలో మొదటిసారి ఓటు వేశాను. పెద్ద అభ్యర్థులిద్దరిలో ఎవరికీ మనసు ఒప్పక ఒక చిన్న పార్టీ అభ్యర్థికి వేశాను. ‘నీ ఓటు మురిగిపోయింది’ అన్నారు మావారు. పదేళ్లుగా పండగలకు కలిసి పిండివంటలు చేసుకునే స్నేహితురాలు ‘మీలాంటి వాళ్ల వల్లే కొంప మునిగింది’ అంది. అప్పటి నుంచి ఫోను ఎత్తడం లేదు. నేను చేసింది తప్పా?
– ఒక పాఠకురాలు, నోవై, మిషిగన్

జవాబు: అమ్మా, ముందు ఆ రెండు మాటలనూ పక్కపక్కన పెట్టి చూడండి. మురిగిపోయిన ఓటు ఎవరి కొంపా ముంచలేదు. కొంప ముంచగలిగిందంటే అది మురిగిపోలేదన్నమాట. ఒకే ఓటు మీద ఈ రెండు నిందలూ వేయడం కుదరదు. మీ ఓటుకు బరువు ఉంది. ఇక్కడ అధ్యక్ష ఎన్నిక రాష్ట్రాల వారీగా తేలుతుంది కనుక, ఆ బరువు ఎంత అన్నది మీరున్న రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది.

2024లో మిషిగన్‌లో ట్రంప్‌కు, హారిస్‌కు మధ్య తేడా 80,103 ఓట్లు. గ్రీన్ పార్టీకి దాదాపు 45 వేలు వచ్చాయి. పోటీ నుంచి తప్పుకున్నా పేరు బ్యాలెట్‌లో మిగిలిపోయిన రాబర్ట్ కెనెడీ జూనియర్‌కు దాదాపు 27 వేలు వచ్చాయి. ఆ రెండూ కలిపి ఒక్కరి ఖాతాలోనే వేసినా ఫలితం మారదు. మిగతా చిన్న పార్టీలన్నిటినీ కలిపితే తేడాను దాటుతుంది కాని, ఒకరికొకరు బద్ధ విరుద్ధమైన వాళ్లంతా మూకుమ్మడిగా ఒకవైపే వాలిపోయేవారని అనుకోవడం లెక్క కాదు. కాబట్టి మీ స్నేహితురాలి మాట 2024కు సరిపోదు. 2016 అయితే వేరు. అప్పుడు మీ రాష్ట్రంలో తేడా 10,704 మాత్రమే. గ్రీన్ పార్టీకి 51 వేలు, లిబర్టేరియన్ పార్టీకి లక్షా 72 వేలు పడ్డాయి. మీరు అలాంటి రాష్ట్రంలో ఉన్నారు. ఏ ఏడు తేడా 80 వేలు ఉంటుందో, ఏ ఏడు పదివేలు ఉంటుందో ముందుగా ఎవరూ చెప్పలేరు.

ఈ మాటలు పుస్తకం చదివి చెప్పడం లేదు. 2000 సంవత్సరంలో నేను ఫ్లోరిడాలో, పామ్ బీచ్ కౌంటీలో ఉండేదాన్ని. ఆ ఏడే పౌరసత్వం వచ్చింది. ఒక ఆసుపత్రి ల్యాబులో పని. బీమా లేక పరీక్షలు సగంలో మానేసి వెళ్లిపోయేవాళ్లను రోజూ చూసేదాన్ని. వాళ్ల గురించి పెద్ద పార్టీల అభ్యర్థులు బుష్, గోర్ మాట్లాడిన తీరు నాకు చాలలేదు. కార్లలో భద్రత కోసం దశాబ్దాలు పోరాడిన రాల్ఫ్ నాడర్ గ్రీన్ పార్టీ తరఫున నిలబడితే ఆయనకు వేశాను. చాలా సంతోషంగా వేశాను.

ఆ రోజు బ్యాలెట్ ఎలా ఉందంటే, తెరిచిన పుస్తకంలా రెండు పేజీలు, మధ్యలో నిలువుగా ఒకే వరుసలో రంధ్రాలు. ఎడమ పేజీలో పైన బుష్, ఆయన కింద గోర్. కుడి పేజీలో అన్నిటికంటే పైన రిఫార్మ్ పార్టీ బుకానన్. ఎడమ పేజీలో గోర్ పేరు రెండోది. కాని రెండో రంధ్రం కుడి పేజీలోని బుకానన్‌ది. గోర్‌ది మూడోది. చేతిలో సూది లాంటి పుల్ల ఇస్తారు. దానితో పొడవాలి.

మా పక్క ఫ్లాటులో ఎనభై దాటిన ఒక పెద్దావిడ ఉండేది. బడిలో టీచరుగా చేసి రిటైరైంది. ఆ సాయంత్రం నమూనా బ్యాలెట్ పట్టుకుని మా తలుపు కొట్టింది. వంటింటి బల్ల మీద దాన్ని పరిచి, గోర్ పేరు మీద వేలు పెట్టి, అక్కడి నుంచి రంధ్రాల వరుస వైపు జరిపి, ‘నేను పొడిచింది ఇదేనా? లేక దీని పైదా?’ అని అడిగింది. నాకెలా తెలుస్తుంది? మళ్లీ మొదటి నుంచి వేలు జరిపేది. ఆ రాత్రి మూడుసార్లు వచ్చింది. మా కౌంటీలో బుకానన్‌కు 3,400 పైచిలుకు ఓట్లు పడ్డాయి. రెండు రంధ్రాలు పొడిచినందుకు చెల్లకుండా పోయినవి 19 వేలకు పైగా. 36 రోజుల తర్వాత వ్యవహారం సుప్రీంకోర్టులో తేలాక, ఫ్లోరిడాలో బుష్ గెలిచింది 537 ఓట్ల తేడాతో. దానితోనే అధ్యక్ష పదవి ఆయనకు దక్కింది. నాడర్‌కు అక్కడ పడినవి 97,488. అందులో నాది ఒకటి.

ఆ తర్వాత వచ్చిన సర్వేల ప్రకారం, నాడర్ పోటీలో లేకపోతే ఆయన ఓటర్లలో సగానికి కాస్త తక్కువ మంది గోర్‌కు, ఐదో వంతు బుష్‌కు వేసేవారు. మిగిలినవారు ఇల్లు కదిలేవారు కాదు. నేను గోర్‌కు వేసేదాన్ని. దీన్ని దాచుకోవలసిన అవసరం నాకు లేదు. అలాగని ఆ ఎన్నిక భారమంతా మా 97 వేల మంది నెత్తిన పెడితే ఒప్పుకోను. ఆ బ్యాలెట్ మీద ఉన్న పదిమందిలో అందరికంటే తక్కువ వచ్చిన అభ్యర్థికి కూడా 562 ఓట్లు పడ్డాయి. 537 కంటే అదీ ఎక్కువే. వేలు ఎవరివైపైనా చూపవచ్చు.

నన్ను ఇన్నేళ్లుగా వెంటాడేది ఓటు వేసిన విషయం కాదు, వేసేముందు నేను అడగని ఒక ప్రశ్న. నా ఓటు ఏం చెబుతుందో బాగా ఆలోచించాను. ఏం చేస్తుందో ఆలోచించలేదు. పక్కింటి పెద్దావిడకు తన ఓటు ఎక్కడికి పోయిందో తెలియక నిద్ర పట్టలేదు. నా ఓటు నేను పంపినచోటికే చేరింది. అయినా నా మనసులో ఉన్న రెండో కోరిక సంగతి నేను పట్టించుకోలేదు.

అందుకే అప్పటి నుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాను. కౌంటీ వాళ్లు ముందుగా పెట్టే నమూనా బ్యాలెట్ అచ్చు తీసుకుని, పెద్ద పార్టీల రెండు పేర్లు తప్ప మిగతావన్నీ ఒక కాగితంతో కప్పేస్తాను. ఆ ఇద్దరే ఉన్నారనుకుని కూర్చుంటాను. వీళ్లలో ఎవరు గెలిస్తే నాలుగేళ్ల తర్వాత నా చుట్టూ ఉన్నవాళ్లకు ఎక్కువ నష్టం? సుప్రీంకోర్టుకు ఎవరిని పంపుతారు? యుద్ధం వస్తే ఎవరి చేతిలో నిర్ణయం ఉండాలి? ఇద్దరి మధ్య తేడా చాలా ఉందనిపించి, నా రాష్ట్రం ఎటైనా ఒరిగేదైతే, ఆ కాగితం ఇక తీయను. తేడా నిజంగా కనిపించకపోతేనో, రాష్ట్రం ఎటూ కదలదనుకుంటేనో కాగితం తీసి కింది పేర్లు చదువుతాను. మీరు ఈ పని చేసి ఉంటే, ఇద్దరూ ఒకటే అని నిజంగా తేల్చుకున్నాకే వేసి ఉంటే, మీరు చేసింది తప్పు కాదు. చేయకపోతే 2028లో చేయండి.

ఒక మాట ప్రత్యేకంగా మన వాళ్ల కోసం. గ్రీన్ కార్డు క్యూ కోసం అధ్యక్షుడిని ఎన్నుకోవాలనుకుంటే కొంచెం ఆగండి. ఒక్కో దేశానికి ఏడు శాతం మించకూడదన్న పరిమితి చట్టంలో ఉంది. దాన్ని మార్చవలసింది కాంగ్రెస్. హెచ్-1బి ఉద్యోగుల భార్యకో భర్తకో ఇచ్చే హెచ్-4 వీసా మీద ఉన్న కొందరికి పని చేసుకునే అనుమతి మాత్రం 2015లో ప్రభుత్వం నియమంగా తెచ్చింది. అలాంటివి అధ్యక్షుడి చేతిలో ఉంటాయి. ఏది ఎవరి చేతిలో ఉందో విడదీసుకుంటే, అదే బ్యాలెట్‌లో కింద ఉన్న ప్రతినిధుల సభ అభ్యర్థి పేరు మీకు ఎంత ముఖ్యమో తెలుస్తుంది.

ఇక మీ స్నేహితురాలు. ఫోను ఎత్తకపోతే ఇంటికి వెళ్లండి. పదేళ్ల స్నేహం ఒక్క ఓటు కంటే పాతది. ఓటు గురించి మొదటి రోజే ఎత్తకండి.

ప్రశ్న: నేను ఎడిసన్, న్యూజెర్సీ. మా బావమరిది పెన్సిల్వేనియాలో ఉంటాడు. నాకు ఒక పెద్ద పార్టీ అభ్యర్థి గెలవాలని ఉంటుంది. అతనికి చిన్న పార్టీ మీద మక్కువ. అతను అక్కడ నా అభ్యర్థికి, నేను ఇక్కడ అతని అభ్యర్థికి వేసేలా మాట్లాడుకుంటే చట్టం ఒప్పుకుంటుందా?
– ఒక పాఠకుడు

జవాబు: మీకే కొత్తగా వచ్చిన ఆలోచన కాదు. 2000లో ఇలా ఓట్లు మార్చుకునేవాళ్లను కలిపే వెబ్‌సైట్లు పుట్టుకొచ్చాయి. కాలిఫోర్నియా అధికారులు కేసు పెడతామని హెచ్చరిస్తే కొన్ని మూతపడ్డాయి. 2007లో తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు, ఇది భావప్రకటన స్వేచ్ఛ కిందికే వస్తుందని తీర్పు చెప్పింది. ఆ కోర్టు పరిధి పశ్చిమ రాష్ట్రాల వరకే. మీ రెండు రాష్ట్రాలూ అందులో లేవు. డబ్బు గాని, కానుక గాని చేతులు మారితే మాత్రం ఎక్కడైనా నేరమే.

చట్టం సంగతి అలా ఉంచితే, నేనైతే చేయను. ఓటు రహస్యం. అతను మాట నిలబెట్టుకున్నాడో లేదో మీకు ఎప్పటికీ తెలియదు. బావమరిది మీద అనుమానం ఒకసారి వస్తే పోదు. ఇంకొక చిక్కు కూడా ఉంది. న్యూజెర్సీ ఎటూ కదలదన్న ధీమా మీది. 2020లో మీ రాష్ట్రంలో తేడా దాదాపు 16 శాతం. 2024లో అది ఆరు శాతం లోపలికి వచ్చేసింది. సురక్షితమనుకున్న రాష్ట్రం నాలుగేళ్లలో ఎంత జరిగిందో చూడండి.

ప్రశ్న: ఆంటీ, నాకు 19 ఏళ్లు. ఇల్లు ఫ్రిస్కోలో, చదువు ఆస్టిన్‌లో. నాకు తెలుగు మాట్లాడటం వచ్చు, రాయడం రాదు. అందుకని అమ్మ చేత రాయిస్తున్నాను. ఇంత పెద్ద దేశానికి రెండే పార్టీలేమిటి? మూడో పార్టీ అభ్యర్థులు ప్రతిసారీ నిలబడతారు, ఎందుకు గెలవరు? నేను 2028లో మొదటిసారి ఓటు వేస్తాను. మూడో పార్టీకే వేయాలని ఉంది.
– ఒక విద్యార్థి, టెక్సస్

జవాబు: నాయనా, ముందు మీ అమ్మను ఒక మాట అడుగు. 2009లో ఆంధ్రప్రదేశ్‌లో చిరంజీవి ప్రజారాజ్యం పార్టీ సంగతి ఏమైందని. ఆ పార్టీకి సుమారు 16 శాతం ఓట్లు వచ్చాయి, 294 స్థానాల్లో 18 దక్కాయి. ఇప్పుడు ఇక్కడికి రా. 1992లో రాస్ పెరో స్వతంత్రుడిగా అధ్యక్ష పదవికి నిలబడితే దేశమంతటా 18.9 శాతం ఓట్లు వచ్చాయి. కాని ఇక్కడ అధ్యక్షుడిని తేల్చేవి రాష్ట్రాల వారీగా పంచిన ఎలక్టోరల్ ఓట్లు. అవి ఎన్ని వచ్చాయో తెలుసా? సున్నా. దాదాపు రెండు కోట్ల మంది వేశారు, చేతికి ఒక్కటి కూడా రాలేదు.

కారణం లెక్కలో ఉంది. మొత్తం 538 ఎలక్టోరల్ ఓట్లు, గెలవడానికి 270 కావాలి. మెయిన్, నెబ్రాస్కా తప్ప మిగతా రాష్ట్రాలన్నిటిలో, రాష్ట్రంలో ఒక్క ఓటు ఎక్కువ వచ్చినవాడికే అక్కడివన్నీ పోతాయి. పెరో బలం దేశమంతా పల్చగా పరుచుకుంది. ఎక్కడా మొదటి స్థానం రాలేదు. 1968లో జార్జి వాలెస్‌కు అంతకంటే తక్కువగా 13.5 శాతమే వచ్చినా, బలమంతా దక్షిణాన ఒకచోట పోగుపడటంతో ఐదు రాష్ట్రాలు గెలిచి 46 ఎలక్టోరల్ ఓట్లు తెచ్చుకున్నాడు. ఆయన నిలబడింది నల్లవాళ్లను, తెల్లవాళ్లను వేరుగా ఉంచాలన్న జాతి విభజన కోసం. కనుక మూడో పార్టీ అన్న ముద్ర ఉన్నంత మాత్రాన మనిషి మంచివాడని అనుకోకు. ఎవరికీ 270 రాకపోతే ప్రతినిధుల సభ ఎన్నుకుంటుంది. అక్కడ రాష్ట్రానికి ఒక్క ఓటు. కాలిఫోర్నియాకూ ఒకటే, వయోమింగ్‌కూ ఒకటే. ఆ సభలో ఉండేదంతా ఆ రెండు పార్టీల వాళ్లే.

దారిలో గోడలు కూడా ఉన్నాయి. బ్యాలెట్ మీద పేరు రావడమే ఒక యుద్ధం. మీ టెక్సస్‌లో 2024లో స్వతంత్ర అధ్యక్ష అభ్యర్థికి లక్షా 13 వేలకు పైగా సంతకాలు కావలసి వచ్చాయి. అదీ పార్టీలు తమ అభ్యర్థిని ఎంచుకునే ప్రైమరీలో ఓటు వేయనివాళ్ల దగ్గర నుంచే, కొద్ది వారాల్లోనే. టీవీ చర్చల సంగతి సరేసరి. 2000 నుంచి రెండు దశాబ్దాలు చర్చల కమిషన్ సర్వేల్లో 15 శాతం ఉండాలని పట్టుబట్టింది. చర్చలో కనిపించనిదే 15 శాతం రాదు, 15 శాతం రానిదే చర్చకు పిలవరు. పెళ్లి కుదిరితే గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గాని పెళ్లి కుదరదు అన్న సామెత మీ అమ్మకు తెలుసు. పెరోను 1992లో పిలిచారు. ఆయన కోటీశ్వరుడు. మీ ఇంటి పక్కనున్న ప్లేనోలోనే ఆయన స్థాపించిన ఈడీఎస్ కంపెనీ కార్యాలయం ఉండేది. సొంత డబ్బుతో టీవీలో అరగంట అరగంట కొనుక్కుని, అట్టల మీద గీసిన పటాలు చూపిస్తూ దేశం అప్పు గురించి పాఠం చెప్పాడు. జనం కూర్చుని చూశారు! జులైలో పోటీ నుంచి తప్పుకుని, అక్టోబరులో మళ్లీ వచ్చాడు. ఆ తడబాటు లేకపోతే ఇంకెన్ని వచ్చేవో. గెలవలేదు కాని, లోటు బడ్జెట్ మాటను పెద్ద పార్టీలు ఇక పక్కన పెట్టలేకపోయాయి. 1998కి బడ్జెట్ మిగులులోకి వచ్చింది. అది ఒక్క పెరో ఘనత అనను. ఆ మాటను దేశం నోట పలికించిన వాళ్లలో ఆయన ముందుంటాడు.

నాకు ఇంకా ఇష్టమైన కథ 1892ది. టెక్సస్‌లో, కాన్సస్‌లో పత్తి, గోధుమ పండించే రైతులు. పంట చేతికి రాకముందే దాన్ని షావుకారుకు తాకట్టు పెట్టి విత్తనం, పిండి, గుడ్డ అప్పుగా తెచ్చుకునేవారు. ధర పడిపోతే అప్పు మిగిలేది. వరంగల్‌లోనో గుంటూరులోనో పత్తి రైతు ఇంట్లో పెరిగినవాళ్లకు ఇది విడమరచి చెప్పనక్కరలేదు. ఆ రైతులు కట్టిన సంఘాల్లోంచి పాపులిస్టు పార్టీ పుట్టింది. 1892లో ఆ పార్టీ అభ్యర్థి జేమ్స్ వీవర్‌కు పది లక్షలకు పైగా ఓట్లు, 22 ఎలక్టోరల్ ఓట్లు వచ్చాయి. కొన్నేళ్లకే పార్టీ చితికిపోయింది. కాని వాళ్లు అడిగినవి చూడు. ఆదాయం ఎక్కువున్నవాడి మీద ఎక్కువ పన్ను, సెనేటర్లను జనమే నేరుగా ఎన్నుకోవడం. 1913లో ఆ రెండింటికీ రాజ్యాంగ సవరణలు వచ్చాయి. ఆ 1892 ఓట్లను మురిగిపోయిన ఓట్లని నేను అనలేను.

ఇప్పుడు నీ ఓటు. 2024లో టెక్సస్‌లో తేడా 13 శాతానికి పైగా. 2020లో అది ఆరు శాతం లోపే. అంటే హోరాహోరీగా సాగే జార్జియా వాళ్లకంటే నీకు వెసులుబాటు ఎక్కువ, కాని అది శాశ్వతం కాదు. చిన్న పార్టీకి దేశమంతటా ఐదు శాతం వస్తే తర్వాతి ఎన్నికకు ప్రభుత్వ నిధులు అందే ఏర్పాటు ఉంది. పెరో 1996లో 8.4 శాతం తెచ్చుకోబట్టే 2000లో రిఫార్మ్ పార్టీకి కోటి డాలర్లకు పైగా అందాయి. నీ ఓటు ఏదైనా కట్టడానికి పనికి రావాలనుకుంటే ఇదొక ఇటుక.

అయితే మూడో అభ్యర్థిని కూడా అదే కాటాలో తూచు. మనం పెద్ద అభ్యర్థులను గోళ్లతో గిల్లి చూస్తాం, మూడో మనిషిని నినాదం చూసి ఇష్టపడతాం. అతను ఇంతకు ముందు ఏదైనా నడిపాడా? ఎన్ని రాష్ట్రాల బ్యాలెట్ల మీద ఉన్నాడు? 270 దాకా లెక్క కుదిరే దారి కాగితం మీదైనా ఉందా? ఉపాధ్యక్షుడిగా ఎవరిని ఎంచుకున్నాడు? గెలిస్తే, తన పార్టీవాడు ఒక్కడు కూడా లేని కాంగ్రెస్‌లో ఏ బిల్లు ఎలా నెగ్గించుకుంటాడు? నాలుగేళ్లకు ఒకసారి కనిపించి మధ్యలో మాయమయ్యే పార్టీ అయితే నాకు నమ్మకం కలగదు. బెర్నీ శాండర్స్ 1981లో బర్లింగ్టన్ ఊరి మేయరుగా స్వతంత్రుడిగా పది ఓట్ల తేడాతో గెలిచాడు. జెస్సీ వెంచురా 1998లో మూడో పార్టీ తరఫున మిన్నెసోటా గవర్నరుగా గెలిచే ముందు బ్రూక్లిన్ పార్క్ అనే శివారు ఊరికి మేయరుగా చేశాడు. మూడో దారి నిజంగా కావాలనుకుంటే ఫ్రిస్కో నగర మండలి, స్కూలు బోర్డు ఎన్నికల్లో మొదలుపెట్టు. అక్కడ అభ్యర్థుల పేర్ల పక్కన పార్టీ గుర్తే ఉండదు. వందల ఓట్లతో ఫలితం తేలే చోట నీలాంటి పదిమంది విద్యార్థులు చాలు.

ప్రశ్న: అమ్మా, నేను అనంతపురం జిల్లాలో పనిచేసి రిటైరైన ఉపాధ్యాయుడిని. మా అమ్మాయి మెయిన్ రాష్ట్రం పోర్ట్‌లాండ్‌లో ఉంటుంది. 2024లో అధ్యక్ష ఎన్నికకు ఒకటి, రెండు, మూడు అని వరుస పెట్టి ఓటు వేశానని చెప్పింది. మన రాష్ట్రపతి ఎన్నికలో ప్రాధాన్య ఓట్ల లాంటిదేనా ఇది? మా సంజీవరెడ్డిగారు 1969లో అలాంటి లెక్కింపులోనే ఓడిపోయారు కదా.

జవాబు: మాస్టారూ, నమస్కారం. మీ ఉత్తరం చదివి చాలా సంతోషించాను. నేను ఇక్కడివాళ్లకు ఎన్నిసార్లు వివరించినా పూర్తిగా అర్థం కానిది మీరు ఒక్క వాక్యంలో పట్టుకున్నారు.

అవును, అదే కుదురు. 1969 ఆగస్టులో మీ ఇల్లూరు సంజీవరెడ్డిగారు కాంగ్రెస్ అధికారిక అభ్యర్థి. బరంపురంలో పుట్టిన మన గిరిగారు స్వతంత్రుడు. ఇందిరాగాంధీ అంతరాత్మ ప్రబోధం ప్రకారం ఓటు వేయమన్నారు. ఇద్దరు తెలుగువాళ్ల మధ్య మూడో మనిషి సి.డి.దేశ్‌ముఖ్. రిజర్వు బ్యాంకుకు తొలి భారతీయ గవర్నరు, మాజీ ఆర్థికమంత్రి. స్వతంత్ర పార్టీ, జనసంఘ్ ఆయనను నిలబెట్టాయి. మొదటి లెక్కింపులో ఓట్ల విలువ గిరిగారికి 4,01,515, రెడ్డిగారికి 3,13,548, దేశ్‌ముఖ్‌కు 1,12,769. గెలవడానికి 4,18,169 కావాలి. ఎవరికీ రాలేదు. కింద ఉన్నవాళ్లను తొలగిస్తూ వాళ్ల బ్యాలెట్ల మీది రెండో ప్రాధాన్యాలను పంచారు. రెడ్డిగారికి 91 వేలకు పైగా కలిసింది, గిరిగారికి 18 వేల పైచిలుకు. చివరికి 4,20,077కు 4,05,427. రెండో ప్రాధాన్యాల్లో అత్యధిక భాగం రెడ్డిగారికే వచ్చినా, ముందున్న అంతరం పూడలేదు.

దేశ్‌ముఖ్‌కు మొదటి ఓటు వేసినవాళ్ల సంగతి ఆలోచించండి. తమకు నచ్చిన మనిషికి వేశారు. ఆయన ఓడిపోయాక మిగిలిన ఇద్దరిలో ఎవరు కావాలో కూడా అదే కాగితం మీద చెప్పారు. ఫ్లోరిడాలో ఆ రోజు నాకు లేనిది అదే. ఒకటి నాడర్, రెండు గోర్ అని రాసే గడి ఉంటే నా మనసులోని మాట పూర్తిగా చేరేది.

మెయిన్ ఈ పద్ధతిని అధ్యక్ష ఎన్నికకు మొదట 2020లో వాడింది. అప్పుడు రాష్ట్రం మొత్తం మీద మొదటి అభ్యర్థికే సగానికి మించి రావడంతో రెండో అంకెల దాకా వెళ్లే అవసరం రాలేదు. 2018లో అదే రాష్ట్రంలో ప్రతినిధుల సభ స్థానం ఒకటి మాత్రం వరుస అంకెలతోనే తారుమారైంది. మొదటి లెక్కలో వెనకబడిన జేరెడ్ గోల్డెన్ చివరికి గెలిచారు. అలాస్కా 2024లో అధ్యక్ష ఎన్నికకు కూడా ఈ పద్ధతే వాడింది. మిగతా రాష్ట్రాలకు ఇది ఎందుకు రాదంటే, మార్చవలసినవాళ్లు ఇప్పటి పద్ధతిలో గెలిచినవాళ్లే కనుక. ఎంతకాలం పట్టినా ఇది రావాలని నేను బలంగా కోరుకుంటున్నాను.

నేనుండే జార్జియాలో ఒక విచిత్రం ఉంది. సెనేటుకు సగానికి మించి ఓట్లు రాకపోతే మొదటి ఇద్దరి మధ్య మళ్లీ ఎన్నిక పెడతారు. 2020 నవంబరులో రిపబ్లికన్ డేవిడ్ పర్డ్యూకు 49.7 శాతం వచ్చింది, లిబర్టేరియన్‌కు 2.3. సగానికి కూతవేటు దూరంలో ఆగిపోయిన పర్డ్యూ జనవరిలో జరిగిన రెండో విడతలో ఓడిపోయారు. అదే బ్యాలెట్ మీద అధ్యక్షుడికి మాత్రం ఆ నియమం లేదు. 49.5 శాతంతో బైడెన్‌కు, 11,779 ఓట్ల తేడా మీద, మొత్తం 16 ఎలక్టోరల్ ఓట్లూ వెళ్లాయి. లిబర్టేరియన్ జో జార్గెన్సన్‌కు పడినవి 62 వేలు. ఒకే కాగితం, రెండు న్యాయాలు.

మీ అమ్మాయిని నేను అడిగానని చెప్పండి.

ప్రశ్న: బ్యాలెట్ మీద ఉన్నవాళ్లెవరూ వద్దనుకుని నాకు నచ్చిన పేరు రాస్తే లెక్కలోకి వస్తుందా? మన నోటా లాంటిది ఇక్కడ ఉందా?
– ఒక పాఠకురాలు, కమింగ్, జార్జియా

జవాబు: నోటా దాదాపు ఎక్కడా లేదు. నెవాడాలో మాత్రం ‘వీరిలో ఎవరూ కాదు’ అన్న గడి ఉంటుంది. పేరు రాయడం గురించి రాష్ట్రానికో నియమం. కొన్ని రాష్ట్రాల్లో అసలు రాయనివ్వరు. చాలా రాష్ట్రాల్లో, మన జార్జియాలో కూడా, ముందుగా నోటీసు ఇచ్చి నమోదైన వాళ్ల పేర్లనే లెక్కిస్తారు. మీ అభిమాన నటుడి పేరో, మీ నాన్నగారి పేరో రాస్తే దాన్ని ఎవరూ లెక్కపెట్టరు. నమోదైన పేర్ల జాబితా పోలింగు కేంద్రంలో ఉంటుంది, అడిగితే చూపిస్తారు.

రిటైరయ్యాక ఎన్నికల రోజుల్లో నేను పోలింగు కేంద్రంలో పని చేస్తున్నాను. అక్కడ అభ్యర్థుల గురించి నోరు విప్పకూడదు, విప్పను. కాని ఈ పత్రికలో ఒక్కటి చెప్పవచ్చు. తెర మీద తాకాక యంత్రం ఒక కాగితం అచ్చు వేసి ఇస్తుంది. దాని మీద మీరు ఎంచుకున్న పేర్లు చిన్న అక్షరాల్లో ఉంటాయి. పదిమందిలో తొమ్మిదిమంది దాన్ని చూడకుండానే నేరుగా స్కానరు దగ్గరికి నడుస్తారు. అక్కడే ఒక్క నిమిషం నిలబడండి. కళ్లజోడు తీసి పెట్టుకోండి. పై నుంచి కింది దాకా, స్కూలు బోర్డు పేరు వరకు చదవండి. తప్పు కనిపిస్తే కాగితాన్ని స్కానరులో పెట్టకముందే మాలో ఎవరికైనా చెప్పండి. దాన్ని రద్దు చేసి మళ్లీ వేసే అవకాశం ఇస్తాం. స్కానరు లోపలికి లాక్కున్నాక ఇక ఎవరూ ఏమీ చేయలేరు.